లెట్రోజోల్ వాడుతున్న అమ్మకు సోయా, అవిసె గింజలు పెట్టవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ అమ్మగారికి 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, రేడియేషన్ పూర్తయ్యాయి. కణితి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ అందితే పెరిగే రకం కాబట్టి రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నారు. సోయా ఈ క్యాన్సర్‌ను పెంచుతుందని ఇల్లినాయ్ శాస్త్రవేత్త ఒకాయన నిరూపించారంటూ ఫోనులో సందేశం వచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో మీల్ మేకర్ వండడం మానేశారు. మీ పిన్నిగారేమో అవిసె గింజల పొడి క్యాన్సర్‌ను కరిగిస్తుందని డబ్బా నిండా పంపారు. వేడి ఆవిర్లకు మంచిదని బంధువొకరు అమెరికా నుంచి ఐసోఫ్లేవోన్ మాత్రల సీసా తెచ్చారు. మూడింటిలోనూ ఉన్నది మొక్కల ఈస్ట్రోజెన్లే, అంటే ఈస్ట్రోజెన్‌ను పోలిన మొక్కల పదార్థాలే కదా, ఒకటి విషం, ఒకటి అమృతం, మరొకటి మందు ఎలా అవుతాయని అడిగారు.

ముందు జవాబు చెప్పి తర్వాత కారణాలకు వస్తాను. సోయాను వంటగా తినవచ్చు. అవిసె పొడి రోజుకు ఒక పెద్ద చెంచా వరకు తినవచ్చు, కానీ దాన్ని మందుగా నమ్మకూడదు. ఐసోఫ్లేవోన్ సీసాను మాత్రం తెరవవద్దు. క్యాన్సర్ రోగుల ఆహారం చూసే పోషకాహార నిపుణురాలిగా చాలా ఏళ్ల అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. మందుల మార్పుచేర్పులు మీ ఆంకాలజిస్టు నిర్ణయించాల్సినవి.

ఆ సందేశంలోని శాస్త్రవేత్త విలియం హెల్ఫరిక్ అయి ఉండాలి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్‌లో ఆహార శాస్త్రం, మానవ పోషణ విభాగంలో ఆచార్యులుగా పనిచేశారు. ఆయన బృందం వేసుకున్న ప్రశ్న సూటిగా ఉంటుంది. నెలసరి ఆగిపోయి ఒంట్లో ఈస్ట్రోజెన్ తగ్గిన స్త్రీకి, ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి పెరిగే కణితి అప్పటికే ఉంటే, సోయాలోని ఐసోఫ్లేవోన్లనే మొక్కల ఈస్ట్రోజెన్లలో ఒకటైన జెనిస్టీన్ ఆ కణితిని ఏం చేస్తుంది?

దీనికోసం థైమస్ గ్రంథి లేని చిట్టెలుకలను తీసుకున్నారు. వాటికి రోగనిరోధక శక్తి లోపించి ఉంటుంది కనుక మనిషి కణాలను ఒంట్లో పెట్టినా తిప్పికొట్టవు. అండాశయాలు తొలగించి, ఎంసీఎఫ్-7 అనే రొమ్ము క్యాన్సర్ కణాలను వాటిలో నాటారు. ఈ కణాలు 1970లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటి నుంచి సేకరించినవి. వాటి వివరాలు 1973లో వెలువడ్డాయి. ప్రపంచంలో ఈస్ట్రోజెన్ గురించి పనిచేసే ప్రయోగశాలల్లో ఈ కణాలు లేనిది అరుదు. ఈస్ట్రోజెన్ అందితే పెరుగుతాయి, అందకపోతే ఆగిపోతాయి.

1998లో హెల్ఫరిక్ బృందం ప్రచురించిన ఫలితం ప్రకారం, జెనిస్టీన్ కలిపిన మేత తిన్న ఎలుకల్లో ఆ కణుతులు పెరిగాయి. 2001లో మోతాదులు మార్చి చూస్తే, జెనిస్టీన్ పెరిగిన కొద్దీ పెరుగుదలా ఎక్కువైంది. 2002 ఫలితం ఇంకా కలవరపెట్టేది. రొమ్ము క్యాన్సర్‌కు వాడే హార్మోన్ మందు టామాక్సిఫెన్ కణితిని అణచి ఉంచుతుంటే, దానితో పాటు జెనిస్టీన్ ఇచ్చినప్పుడు ఆ మందు ప్రభావం దెబ్బతిన్నది.

ఎలుకల ప్రయోగమే కదా అని దీన్ని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. మీ అమ్మగారికి అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజెన్ వయసుతో ఆగిపోయింది. కొవ్వు కణజాలంలో అరోమటేజ్ అనే ఎంజైము తయారుచేసే కాస్త ఈస్ట్రోజెన్‌ను లెట్రోజోల్ ఆపేస్తోంది. ఈస్ట్రోజెన్ దాదాపు లేని శరీరం ఆమెది. అండాశయాలు తీసేసిన ఎలుకను హెల్ఫరిక్ ఎంచుకున్నది సరిగ్గా ఇలాంటి స్థితిని పరీక్షించడానికే. కాబట్టి మీరు భయపడడంలో తప్పు లేదు. అయితే సందేశం పంపినవాళ్లు ఆయన పరిశోధనను సగంలో ఆపేశారు.

ఆయన బృందమే 2004లో మరో ప్రయోగం ప్రచురించింది. నా దృష్టిలో ఆ వరుసలో అన్నిటికన్నా విలువైనది ఇదే. సోయాను ఎంత శుద్ధి చేస్తే ఏమవుతుందన్నది ఈసారి ప్రశ్న. ఒక గుంపు ఎలుకలకు సోయా పిండి పెట్టారు. మరో గుంపులకు సోయా నుంచి అంచెలంచెలుగా వేరుచేసిన పదార్థాలు, చివరి గుంపుకు కేవలం శుద్ధ రసాయనం ఇచ్చారు. అన్ని మేతల్లోనూ జెనిస్టీన్ లెక్క సమానంగా ఉండేట్టు చూశారు. సోయా పిండి తిన్న ఎలుకల్లో కణుతులు పెరగనూ లేదు, తగ్గనూ లేదు. పదార్థం శుద్ధమైన కొద్దీ కణుతులు పెరిగాయి. జెనిస్టీన్ అంతే ఉన్నా, గింజలోని మిగతా సరుకు పక్కన ఉన్నప్పుడు ఫలితం వేరుగా వచ్చిందన్నమాట. మీ వంటింట్లోని మీల్ మేకర్‌ను, అమెరికా సీసాను ఒకే గాటన కట్టకూడదని నేను చెప్పడానికి మొదటి ఆధారం, మీరు భయపడుతున్న ఆ శాస్త్రవేత్త పనిలోనే ఉంది.

రెండో ఆధారం కాలేయానికి సంబంధించినది. మనం తిన్న జెనిస్టీన్ పేగు గోడలోనూ కాలేయంలోనూ వేరే అణువులతో జతపడి, ఈస్ట్రోజెన్‌లా పనిచేసే శక్తిని చాలావరకు పోగొట్టుకుంటుంది. ఎవరితోనూ జతపడకుండా రక్తంలో తిరిగే స్వేచ్ఛా రూపమే కణంలో ఈస్ట్రోజెన్‌ను అందుకునే రిసెప్టర్‌ను తాకగలదు. మొక్కల ఈస్ట్రోజెన్లపై దశాబ్దాలు పనిచేసిన కెన్నెత్ సెచెల్ బృందం 2011లో మనుషులను, ఎలుక జాతులను పోల్చి చూసింది. ఎలుకల రక్తంలో ఈ స్వేచ్ఛా రూపం మనుషుల్లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. ఒకే మోతాదు ఇచ్చినా కణితి దాకా చేరే సరుకు ఒకటి కాదు.

ఇక మనుషుల దగ్గరికి వద్దాం. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన షియావో ఔ షు బృందం చైనాలోని షాంఘైలో 2002 నుంచి 2006 మధ్య రొమ్ము క్యాన్సర్ బయటపడిన 5,042 మంది స్త్రీలను వెంబడించి, ఫలితాలను 2009లో ప్రకటించింది. సోయా ప్రొటీన్ అందరికన్నా ఎక్కువ తిన్న పావు వంతు మందిలో, అందరికన్నా తక్కువ తిన్న పావు వంతుతో పోలిస్తే మరణాలు 29 శాతం, వ్యాధి తిరగబెట్టడం 32 శాతం తక్కువగా కనిపించాయి. కణితి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ అయినా నెగెటివ్ అయినా, టామాక్సిఫెన్ వాడినా వాడకపోయినా ధోరణి అదే. రోజుకు 11 గ్రాముల సోయా ప్రొటీన్ వరకు ఈ తగ్గుదల సాగింది, ఆ తర్వాత అదనపు లాభం కనిపించలేదు.

షాంఘై అధ్యయనం కన్నా మీ అమ్మగారికి దగ్గరిది హార్బిన్ అధ్యయనం. అది కూడా చైనాలోదే, 2010లో వెలువడింది. హార్మోన్ చికిత్స తీసుకుంటున్న 524 మందిని సగటున ఐదేళ్లకు పైగా చూశారు. నెలసరి ఆగిపోయిన స్త్రీలలో ఎక్కువ సోయా తిన్నవారికి వ్యాధి తిరగబెట్టడం దాదాపు మూడో వంతు తక్కువ. అనాస్ట్రోజోల్ వాడుతున్నవారిలో ఈ తేడా స్పష్టంగా ఉంది. అనాస్ట్రోజోల్, లెట్రోజోల్ ఒకే తరగతి మందులు. ఎలుకల్లో దేనికి భయపడ్డామో, ఆ పరిస్థితిలో ఉన్న మనుషుల్లో కీడు కనబడలేదు.

చైనా స్త్రీలు చిన్నప్పటి నుంచి సోయా తింటారు, మనకు ఆ అలవాటు లేదు కదా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన మాటే. చిన్నతనంలో సోయా తినడానికి ప్రత్యేక రక్షణ ఉందని ఎలుకల ప్రయోగాలూ, ఆసియా మూలాలున్న అమెరికా స్త్రీల అధ్యయనమూ సూచించాయి. అందుకే 2012లో అమెరికా, చైనా అధ్యయనాలను కలిపి 9,514 మందిని పరిశీలించిన విశ్లేషణకు నేను ఎక్కువ బరువిస్తాను. రోజుకు 10 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఐసోఫ్లేవోన్లు ఆహారం ద్వారా తీసుకున్నవారిలో వ్యాధి తిరగబెట్టడం 25 శాతం తక్కువ. మరణాల తేడా మాత్రం గణాంకపరంగా నిలబడేంత లేదు.

వీటిని ఎంతవరకు నమ్మాలి? ఇవన్నీ ఎవరేం తిన్నారో అడిగి రాసుకుని, తర్వాత ఏమైందో చూసిన అధ్యయనాలు. ఎక్కువ సోయా తినేవారు కూరగాయలు ఎక్కువ తిని, ఎక్కువ నడిచి ఉండవచ్చు. లెక్కల్లో ఆ తేడాలను సరిచేస్తారు, పూర్తిగా సరిచేయడం సాధ్యం కాదు. అందుకని సోయా క్యాన్సర్‌ను తగ్గిస్తుందని నేను ఎవరికీ చెప్పను. కూరగా తిన్న సోయా హాని చేసిన జాడ వేలమంది స్త్రీలలో ఎక్కడా కనబడలేదని మాత్రం ధైర్యంగా చెబుతాను. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ కూడా సోయా ఆహారం సురక్షితమనే అంటుంది, మాత్రల రూపంలో వద్దంటుంది.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి ప్రయోగాన్ని వదిలేస్తే నా జవాబు అసంపూర్ణమవుతుంది. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 140 మంది స్త్రీలకు కొన్ని రోజుల నుంచి నెల వరకు సోయా ప్రొటీన్ పొడి గానీ పాల ప్రొటీన్ పొడి గానీ ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టు నిర్ణయించారు. ఫలితం 2014లో వచ్చింది. కణాలు విభజన చెందే వేగంలో రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ రక్తంలో జెనిస్టీన్ బాగా పెరిగిన కొందరి కణితుల్లో, పెరుగుదలకు తోడ్పడే కొన్ని జన్యువులు చురుకయ్యాయి. వారు తీసుకున్నది రోజుకు యాభై గ్రాములకు పైగా సోయా పొడి. మన ఇళ్లలో అంత సోయా ఎవరూ వండరు. అయితే వ్యాయామశాలల్లో అమ్మే సోయా ప్రొటీన్ ఐసొలేట్ డబ్బాలతో ఆ మోతాదును తేలిగ్గా చేరుకోవచ్చు. ప్రొటీన్ కోసమని అలాంటి డబ్బా కొనాలనుకుంటే వద్దు.

ఇప్పుడు అవిసె సంగతి. మొక్కల ఈస్ట్రోజెన్లన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. ఆ మాటకు భయం జోడైంది 1940ల్లో. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు గొడ్డుపోయాయి. ఆ గడ్డిలోని ఐసోఫ్లేవోన్లే కారణమని తేలింది. సోయాలో ఉన్నవి ఐసోఫ్లేవోన్లే కానీ అవిసెలో ఉన్నవి లిగ్నాన్లు, వేరే కుటుంబం. లిగ్నాన్లు తిన్నప్పుడు నేరుగా పనిచేయవు. మన పెద్దపేగులోని బ్యాక్టీరియా వాటిని ఎంటెరోడయోల్, ఎంటెరోలాక్టోన్ అనే పదార్థాలుగా మార్చిన తర్వాతే ఒంటబడతాయి. ఒకే చెంచా పొడి తిన్న ఇద్దరి రక్తంలో ఎంటెరోలాక్టోన్ ఒకేలా ఉండకపోవడానికి కారణం ఇదే. యాంటీబయాటిక్ కోర్సు వాడితే ఆ బ్యాక్టీరియా తగ్గి, ఎంటెరోలాక్టోన్ కూడా పడిపోతుంది.

ఈ గింజ మీద శ్రద్ధగా, ఓపికగా పనిచేసిన శాస్త్రవేత్త టొరంటో విశ్వవిద్యాలయంలోని లిలియన్ థాంప్సన్. 1991లో ఆమె బృందం 68 రకాల ఆహారాలను తీసుకుని, మనిషి పేగు బ్యాక్టీరియాతో ప్రయోగశాలలో పులియబెట్టి, ఏది ఎంత లిగ్నాన్ ఇస్తుందో కొలిచింది. అవిసె మిగతావాటికి అందనంత ఎత్తున నిలిచింది. ఆ తర్వాత ఎలుకలు, ఆ తర్వాత మనుషులు. 2005లో ప్రచురించిన ప్రయోగంలో, అప్పుడే క్యాన్సర్ బయటపడి ఆపరేషన్‌కు ఎదురుచూస్తున్న, నెలసరి ఆగిన 32 మంది స్త్రీలు పాల్గొన్నారు. కొందరికి రోజూ 25 గ్రాముల అవిసె పిండి కలిపిన మఫిన్, మిగతావారికి అవిసె లేని మఫిన్. నెల రోజులు దాటాక ఆపరేషన్‌లో తీసిన కణితిని, మొదటి బయాప్సీతో పోల్చారు. అవిసె తిన్నవారిలో కణాల విభజనను సూచించే కేఐ-67 గుర్తు సుమారు 34 శాతం తగ్గింది, కణాలు తమంతట తాము చనిపోవడం సుమారు 31 శాతం పెరిగింది.

హెల్ఫరిక్ వాడిన లాంటి ఎలుకల్లోనే, అవే ఎంసీఎఫ్-7 కణాలతో థాంప్సన్ బృందం కూడా ప్రయోగాలు చేసింది. ఆ కణుతులను అవిసె పెంచలేదు. టామాక్సిఫెన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఆ మందు పనికి తోడ్పడింది. 2006లో సోయా ప్రొటీన్, అవిసె రెండూ కలిపి పెడితే, సోయా వల్ల వచ్చే పెరుగుదలను అవిసె తగ్గించింది. రెండూ మొక్కల ఈస్ట్రోజెన్లే, జంతువు ఒకటే, కణాలూ ఒకటే, పనితీరు మాత్రం వేరు. మూడూ ఒకటే కదా అన్న మీ ప్రశ్నకు నాకు తెలిసిన మంచి జవాబు ఈ ప్రయోగమే.

అయినా మీ పిన్నిగారితో నేను ఏకీభవించలేను. థాంప్సన్ ప్రయోగంలో అవిసె మఫిన్లు తిన్నది ముప్ఫై రెండు మందిలో 19 మంది, అదీ నెలకు కాస్త ఎక్కువ కాలం. వారు ఎక్కువ కాలం బతికారా, వ్యాధి తిరగబెట్టిందా అన్నది ఆ ప్రయోగం చూడలేదు, చూడాలని ఉద్దేశించలేదు కూడా. దాని పక్కన హార్మోన్ మందుల లెక్క పెట్టి చూడండి. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పాజిటివ్ స్త్రీలు ఐదేళ్లు టామాక్సిఫెన్ వాడితే పదిహేనేళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయని వేలమంది మీద జరిగిన ప్రయోగాలు చూపించాయి. నెలసరి ఆగినవారిలో లెట్రోజోల్ తరగతి మందులు అంతకన్నా మెరుగ్గా పనిచేస్తున్నాయి. కీళ్ల నొప్పులకు విసిగి ఆ మాత్ర మానేసి, ఆ చోట అవిసె కషాయం పెట్టుకున్న ఆడవాళ్లను నేను చూశాను. ఈ విషయంలో మొహమాటపడి మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. అవిసె తిన్నా మానినా మీ ఇష్టం, లెట్రోజోల్ మాత్రం ఒక్క రోజు కూడా తప్పకూడదు. నొప్పులుంటే డాక్టరుకు చెప్పాలి, ఆ తరగతిలోనే వేరే మందుకు మార్చే వీలుంది.

పిన్నిగారు పంపిన డబ్బాను పారేయనక్కరలేదు. గింజ తోలు గట్టిది కనుక నమలకుండా మింగితే అలాగే బయటికి పోతుంది, పొడి చేస్తేనే లిగ్నాన్లు అందుతాయి. గింజలను దోరగా వేయించి, కొద్దికొద్దిగా పొడి కొట్టుకుని, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. అందులోని నూనె త్వరగా కనరెక్కుతుంది. ఎండుమిర్చి, వెల్లుల్లి, జీలకర్రతో కారప్పొడి చేసుకుంటే అన్నంలోకి, ఇడ్లీలోకి బాగుంటుంది. మజ్జిగలో కలిపినా సరే. నీళ్లు బాగా తాగాలి, లేకపోతే మలబద్ధకం వస్తుంది. అవిసె నూనె కొనడం వల్ల ఈ ప్రయోజనం రాదు, లిగ్నాన్లు నూనెలోకి దాదాపు దిగవు. మన నువ్వుల్లో కూడా లిగ్నాన్లు దండిగా ఉంటాయి. నువ్వుల పొడి, నువ్వులుండలు తినే ఇంట్లో లిగ్నాన్లు ఎప్పటినుంచో తింటున్నట్టే, మీ అమ్మగారి ఒంటికి అవి కొత్త కాదు.

మీల్ మేకర్ మానేశారన్న మాట నన్ను ఎక్కువగా బాధపెట్టింది. చికిత్స ముగిసిన స్త్రీలకు కండ తగ్గిపోతుంది, లెట్రోజోల్ ఎముకలను పలుచబరుస్తుంది. ప్రొటీన్ బాగా కావలసిన సమయం అది. మన ఇళ్లలో పథ్యం పేరుతో కంచంలోంచి ఒక్కొక్కటే తీసేస్తూ పోతారు, తీసినదాని చోట ఏదీ పెట్టరు. గుడ్డు వేడి, చేప వద్దు, పప్పు అరగదు, ఇప్పుడు సోయా. చివరికి ఆ మనిషికి చారన్నం మిగులుతుంది. ఎండు మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే. ఇరవై గ్రాములకు కాస్త ఎక్కువ, అంటే సుమారు గుప్పెడు నానబెట్టి వండితే షాంఘై అధ్యయనంలో చూసిన 11 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. వారంలో రెండు మూడు రోజులు ఇలా వండండి, మిగతా రోజుల్లో పప్పు, గుడ్డు, పెరుగు, చేప, మీ ఇంట్లో ఏది తింటే అది. చపాతీ పిండిలో కాస్త సోయా పిండి కలిపినా నాకు అభ్యంతరం లేదు. మీ అమ్మగారు థైరాయిడ్ మాత్ర వాడుతుంటే మాత్రం దానికీ, సోయాకూ నాలుగు గంటల ఎడం ఉంచండి. మాత్ర ఒంటబట్టడాన్ని సోయా తగ్గిస్తుంది. అవిసె పొడి కూడా పీచు కనుక, మందులు వేసుకునే సమయానికి కాస్త దూరంగా తినడం మేలు.

చివరిగా ఆ సీసా. శుద్ధి చేసిన ఐసోఫ్లేవోన్ల గురించి హెల్ఫరిక్ ఎలుకలు ఇచ్చిన హెచ్చరికను మనుషుల్లో ఎవరూ పూర్తిగా తోసిపుచ్చలేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో ఈ మాత్రలను పరిశీలించి, నెలసరి ఆగిన ఆరోగ్యవంతులైన స్త్రీలలో హాని కనబడలేదని చెప్పింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి ఆ తీర్పు వర్తించదు. పోనీ ప్రమాదానికి తగ్గ లాభమైనా ఉందా అంటే అదీ లేదు. క్యాన్సర్ నుంచి బయటపడిన 177 మంది స్త్రీలకు రోజుకు 150 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లు ఇచ్చి చూస్తే, వేడి ఆవిర్లు ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి తగ్గినంతే తగ్గాయి. అవిసెతో 188 మంది మీద చేసిన ప్రయోగంలోనూ అంతే, అవిసె బార్ తిన్నవారికీ మామూలు బార్ తిన్నవారికీ తేడా రాలేదు.

వేడి ఆవిర్ల వల్ల అమ్మగారికి రాత్రి నిద్ర పట్టడం లేదని రాశారు. ఓర్చుకోవాల్సిన పని లేదు. వెన్లాఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి హార్మోన్ లేని మందులు ఇందుకు వాడతారు. ఆమెకు ఏది సరిపోతుందో ఆంకాలజిస్టు చూసి రాస్తారు. వచ్చేసారి వెళ్లేటప్పుడు ఆ సీసానూ, ఆమె వాడుతున్న మిగతా మాత్రలన్నిటినీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లి చూపించండి. ఎముకల సాంద్రత పరీక్ష చేసి ఎంతకాలమైందో, కాల్షియం, విటమిన్ డి ఎంత వేసుకోవాలో కూడా అప్పుడే అడగండి.